తెర మీద పడే వెలుగును కూడా కొలవండి

సంపాదకులకు నమస్కారం.

సినిమా టికెట్ల ధరల మీద మీ పేజీలో వస్తున్న ఉత్తరాలు చదువుతూనే ఉన్నాను. పెంచాలని కొందరు, తగ్గించాలని కొందరు, పాప్‌కార్న్ రేటు మీద ఇంకొందరు. అంత డబ్బు పెట్టి వెళ్ళినవాళ్ళకి తెర మీద బొమ్మ ఎలా కనిపిస్తోందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ బొమ్మ వేసే పనిలోనే నా జీవితం గడిచింది. 1981లో రీళ్ళు వెనక్కి చుట్టే కుర్రాడిగా క్యాబిన్‌లో, అంటే ప్రొజెక్టర్ ఉండే గదిలో, చేరాను. కార్బన్ కడ్డీల మంటతో నడిచే మెషీన్ల మీద, జినాన్ బల్బు మీద, చివరికి డిజిటల్ మీద కూడా పనిచేసి ఆపరేటర్‌గానే రిటైరయ్యాను. అందుకే ఈ ఉత్తరం.

నా విన్నపం ఇది. ప్రతి సినిమా హాల్లోనూ తెర మీద పడే వెలుగును మీటరుతో కొలవాలి. లైసెన్సు రెన్యువల్ కాగితాల్లో ఆ అంకె ఉండాలి. బుకింగ్ కిటికీ పక్కన జనానికి కనపడేలా రాసి పెట్టాలి.

ఈమధ్య ఇంట్లోవాళ్ళతో కలిసి పక్క టౌన్‌లో ఒక హాలుకు సెకండ్ షోకి వెళ్ళాను. సినిమాలో సగం రాత్రి సీన్లే. కాగడాలు కనపడుతున్నాయి గానీ కాగడా పట్టుకున్న మనిషి మొహం కనపడదు. అడవిలో ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలియదు. అదే సినిమాను మా కోడలు హైదరాబాద్‌లో చూసింది. ఆ అడవిలో పొగమంచు, చెట్ల వెనక నుంచి వచ్చే నీలం వెలుతురు ఎంత బాగున్నాయో అంతకుముందే ఫోన్లో చెప్పింది. మాకు పొగమంచూ కనపడలేదు, నీలమూ కనపడలేదు.

ఇంటర్వెల్‌లో క్యాబిన్ దగ్గరికి వెళ్తే తాళం వేసి ఉంది. క్యాంటీన్‌లో సమోసాలు ఇస్తున్న కుర్రాడే ఆపరేటర్ అన్నారు. రద్దీ తగ్గాక వచ్చి మర్యాదగా తలుపు తీశాడు. "బల్బు గంటలు ఎప్పుడో దాటిపోయాయి బాబాయ్‌గారూ. అసలు వెలగడం మానేశాక మార్చుదాం అన్నారండి. కరెంటు కూడా తగ్గించి పెట్టమన్నారు" అన్నాడు. ఆ పిల్లాణ్ణి తప్పుపట్టడానికేమీ లేదు. వెలుగు కొలిచే మీటరు ఒకటుంటుందని కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. ఆట అయ్యాక మెట్లు దిగుతూ జనం అనుకుంటున్న మాట విన్నాను: "కెమెరామెన్ ఎవరోగానీ సినిమా అంతా చీకట్లో తీసేశాడండీ."

ఆ మాటకి నాకు చాలా బాధ కలిగింది. పాతతరం కెమెరామెన్ మార్కస్ బార్ట్లే బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన వెన్నెలను మన ఇళ్ళలో మూడు తరాలవాళ్ళు తలుచుకుంటున్నారు. ఇప్పటి కెమెరాలకు చీకటిని ఇంకా సూక్ష్మంగా పట్టుకునే శక్తి ఉంది. షూటింగ్ అయ్యాక రంగులు సరిచూసేవాళ్ళు చీకటి గదిలో కూర్చుని ఒక్కో షాట్‌లో నలుపు ఎంత ఉండాలి, మొహం మీద వెలుతురు ఎంత ఉండాలి అని రోజుల తరబడి చూసుకుంటారు. వాళ్ళు చూసే తెర మీద వెలుగు ఇంత ఉండాలని ఒక కొలత ఉంది. చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. మా లెక్కలో 14 ఫుట్‌లాంబర్ట్‌లు. హాలీవుడ్ పెద్ద స్టూడియోలు 2002లో డీసీఐ పేరుతో ఒక్కటై, 2005లో డిజిటల్ సినిమాకి రాసిన ప్రమాణంలో ఉన్న అంకె అదే. రీళ్ళ కాలంలో ఫిల్మ్ ఎక్కించకుండా ఖాళీ గేటుతో (మెషీన్‌లో వెలుగుకు ఎదురుగా ఫిల్మ్ నిలిచే కిటికీతో) కొలిస్తే 16 ఉండాలనేవారు. థియేటర్లో 14కి మూడు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. అందులో సగానికి పడిపోతే మాత్రం పగటి సీన్లు నీరసంగా, రాత్రి సీన్లు మసిపూసినట్టు అయిపోతాయి. నలుపులో దాచి ఉంచిన వివరమంతా ముందుగా పోయేది అక్కడే.

కార్బన్ల రోజుల్లో వెలుగు అనేది ప్రతి నిమిషమూ చూసుకోవలసిన పని. రాగి పూత ఉన్న రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా బిగించి, రెక్టిఫైయర్ నుంచి డీసీ కరెంటు ఇచ్చి, కొసలు ఒకసారి తాకించి వెనక్కి లాగితే మధ్యలో మంట లేస్తుంది. వెనకున్న పెద్ద అద్దం ఆ వెలుగంతా పోగుచేసి గేటులో ఉన్న ఫిల్మ్ మీదికి పంపుతుంది. కడ్డీలు కాలుతున్నకొద్దీ వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది. ప్లస్ కడ్డీ ఒక వేగంతో, మైనస్ కడ్డీ ఇంకో వేగంతో కాలతాయి. మంట తన చోటు నుంచి కాస్త జరిగినా తెర రంగు మారిపోయేది. మంట ఉండే పెట్టె, అదే ల్యాంప్‌హౌస్, పక్కన చిన్న రంధ్రం గుండా ఆ మంట బొమ్మ ఒక అట్ట మీద పడేలా ఏర్పాటు చేసుకునేవాళ్ళం. అట్ట మీద రెండు గీతలు గీసి, కొసలు ఆ గీతల దాకానే ఉండేలా చేత్తో మర తిప్పుతూ కూర్చునేవాళ్ళం. 2,000 అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది. ఈలోపే రెండో మెషీన్‌లో తర్వాతి రీలు ఎక్కించి, కార్బన్లు సరిచూసుకుని, తెర కుడివైపు పై మూలలో చుక్క పడగానే మార్చాలి. రెండు మెషీన్ల వెలుగు ఒకేలా లేకపోతే రీలు మారినట్టు పిల్లలకు కూడా తెలిసిపోయేది.

వెలుగు తగ్గితే నేల క్లాసులో ఈలలు మొదలయ్యేవి. "కార్బన్! కార్బన్!" అని కేకలు. మేనేజరు బెల్లు నొక్కేవారు. ఆ గోల చెవిన పడగానే చెయ్యి దానంతటదే మర మీదికి వెళ్ళేది. ఇప్పుడు ఎంత అరిచినా వినే మనిషి క్యాబిన్‌లో లేడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కార్బన్ మంట ఒక్కసారిగా తగ్గేది కాబట్టి జనానికి తెలిసేది. జినాన్ బల్బు అలా తగ్గదు. గట్టి క్వార్ట్జ్ గాజులో జినాన్ వాయువును ఒత్తిడితో నింపి చేసిన బల్బు అది. మార్చేటప్పుడు మొహానికి తొడుగు పెట్టుకోకుండా ముట్టుకోకూడదు. వాడుతున్నకొద్దీ లోపలి టంగ్‌స్టన్ కొంచెం కొంచెంగా కరిగి ఆవిరై గాజుకి లోపలివైపు నల్లగా అంటుకుంటుంది. వెలుగు వారం వారం కొద్దికొద్దిగా పోతుంది. ప్రతి శుక్రవారం అదే హాలుకు వెళ్ళేవాళ్ళ కన్ను ఆ మసకకే అలవాటుపడుతుంది. ఓనరూ అలాగే అలవాటుపడతాడు, ఆపరేటరూ అంతే. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నా కంటితో చూసి ఇది 14, ఇది 8 అని చెప్పలేం. కన్ను మీటరు కాదు. నేను మీటరు మీటరు అని పట్టుబడుతున్నది అందుకే.

అలాగని నాకు పాత రీళ్ళ మీద బెంగ ఏమీ లేదు. ఆ రోజుల్లో మా ఊరికి ప్రింటు వచ్చేసరికి పెద్ద ఊళ్ళన్నీ తిరిగి, గీతలు పడి, అతుకుల మీద అతుకులు పడి వచ్చేది. ఒక ప్రింటునే రెండు ఊళ్ళు పంచుకుంటే రీళ్ళ పెట్టె మోపెడ్ మీద పరిగెత్తేది. దారిలో టైరు పంచరైతే ఇక్కడ జనం రభస. ఇప్పుడు హైదరాబాద్‌లో పడిన రోజే, అదే బొమ్మ, గీత లేకుండా పల్లెటూళ్ళోనూ పడుతోంది. ఇది మామూలు విషయం కాదు. నేను డిజిటల్ ప్రొజెక్టర్ మూత తీసి చూసిన రోజున సర్వీసు ఇంజనీరు లోపలున్న చిప్ గురించి చెప్పాడు. 1987లో అమెరికాలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో లారీ హార్న్‌బెక్ అనే ఆయన కనిపెట్టిందట. 2కె ప్రొజెక్టర్ అయితే అడ్డంగా 2,048, నిలువుగా 1,080, అంటే 22 లక్షల పైచిలుకు బుల్లి అద్దాలు ఒక్క చిప్ మీదే ఉంటాయి. ఒక్కో అద్దం వెంట్రుక మందం కూడా ఉండదు. సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ వెలుగును లెన్స్ వైపు పంపడమో పక్కకు తప్పించడమో చేస్తాయి. మంచి ప్రొజెక్టర్లలో ఎరుపుకి, ఆకుపచ్చకి, నీలానికి వేరువేరుగా మూడు చిప్‌లు. ఇది తయారుచేసిన మనుషులకు దణ్ణం పెట్టాలనిపించింది. అయితే ఆ అద్దాలు వెలుగును పుట్టించవు. దారి మళ్ళించడమే వాటి పని. వెలుగు బల్బు నుంచే రావాలి. మన చిన్న ఊళ్ళలో చాలాచోట్ల పెట్టినవి డీసీఐ ప్రమాణానికి తక్కువైన ఈ-సినిమా రకం ప్రొజెక్టర్లు. వాటి బలమే తక్కువ. దాన్ని ఇంకా తగ్గించి నడిపితే మిగిలేదేముంది?

కరెంటు తగ్గించి నడపడం వల్ల ఓనరుకి మిగిలేది ఎంతో కూడా లెక్కేద్దాం. 4 కిలోవాట్ల మీద నడవాల్సిన బల్బును 3 మీద నడిపారనుకోండి. షో మూడు గంటలు, రోజుకి నాలుగు షోలు. 12 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ పది రూపాయలనుకున్నా రోజుకి 120 రూపాయలు. నాలుగు ఆటల జనం మీద పంచితే మనిషికి రూపాయి కూడా పడదు. బల్బు ఇంకొన్నాళ్ళు ఎక్కువ వస్తుందన్నది అసలు ఆశ. ఆ బల్బు వేల రూపాయల ఖరీదు కాబట్టి ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ బల్బు పెట్టెలోనే కంపెనీవాళ్ళు ఇన్ని గంటలని రాసి ఇస్తారు. ఆ గంటలు దాటాక అందులో ఉన్నది పాత వెలుగు కాదు, నల్లబడిన గాజు.

వెలుగు తినేసేవి ఇంకా ఉన్నాయి. క్యాబిన్‌కీ హాలుకీ మధ్య గోడలో ఉండే అద్దం ఒకటి. పూత లేని మామూలు గాజు అయితే రెండు వైపులా కలిపి నూటికి ఎనిమిది పాళ్ళ వెలుగు వెనక్కి కొట్టేస్తుంది. దాని మీద దుమ్ము, క్యాంటీన్ నూనె పొగ కూడా చేరితే ఇక చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. నేను చూసిన కొన్ని హాళ్ళలో ఆ అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు.

త్రీడీ వ్యవహారం వేరు. కళ్ళజోడు పెట్టుకుని చూసే ఆటకి లెన్స్ ముందు ఒక ఫిల్టర్ పెడతారు. అది సగానికి పైగా వెలుగును మింగేస్తుంది. త్రీడీ సినిమా వెళ్ళిపోయాక ఆ ఫిల్టర్‌ను పక్కకు జరపాలి. జరపకుండానే మామూలు సినిమా వారాల తరబడి ఆడించిన హాలు నాకు తెలుసు. త్రీడీ కోసం వేసిన వెండి పూత తెర కూడా అలాగే. మధ్య సీట్లవాళ్ళకి తెర నడుమ ధగధగా, అంచులు మసకగా కనపడుతుంది. పక్క సీట్లవాళ్ళకి మొత్తం మసకే. అంచుల్లో వెలుగు మధ్యలో ఉన్నదాంట్లో నాలుగింట మూడొంతులకి తగ్గకూడదు. దుమ్ము పట్టిందని ఆ తెరను తడిగుడ్డతో తుడిచేసి పూత లేపేసిన ఘనులూ ఉన్నారు.

పెద్ద తెర మోజు సంగతి కూడా చెప్పాలి. 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్ మొదలైనప్పుడు తెరలు వెడల్పు చేశారు. అదే మంట వెడల్పు తెర మీద పరుచుకుంటే పలచబడిపోతుందని, కార్బన్ల ఆంపియర్లు పెంచాల్సి వచ్చిందని నాకు పని నేర్పిన గురువుగారు చెప్పేవారు. ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. 40 అడుగుల వెడల్పు, 17 అడుగుల ఎత్తు ఉన్న మామూలు తెల్ల తెర 680 చదరపు అడుగులు. దాని మీద 14 ఫుట్‌లాంబర్ట్‌లు రావాలంటే తొమ్మిదిన్నర వేల ల్యూమెన్లు (ప్రొజెక్టర్ పంపే మొత్తం వెలుగుకి కొలత) నిజంగా తెరను చేరాలి. అదే ఆకారంలో వెడల్పు రెట్టింపు చేస్తే వెలుగు నాలుగు రెట్లు కావాలి. తెర మార్చి, గోడ నుంచి గోడ దాకా వేశామని ఫ్లెక్సీ కట్టి, ప్రొజెక్టర్ మాత్రం పాతదే ఉంచితే జనానికి దక్కేది పెద్ద మసక. తెరకి తగ్గ వెలుగు ఇచ్చిన చోట ఏం జరిగిందో కూడా చూశాం. 2019లో సూళ్లూరుపేట దగ్గర వంద అడుగుల వెడల్పు తెరతో హాలు తెరిస్తే నెల్లూరు నుంచే కాదు, మద్రాసు నుంచి కూడా జనం కార్లు వేసుకుని వచ్చారు. మంచి బొమ్మ ఎక్కడ పడుతుందో తెలిస్తే మనవాళ్ళు ఎంత దూరమైనా వెళ్తారు.

హాలు లైసెన్సు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఫైర్‌వాళ్ళు వస్తారు, ఎలక్ట్రికల్‌వాళ్ళు వస్తారు, ఆర్ అండ్ బీ ఇంజనీరు బిల్డింగు చూస్తారు. ఎగ్జిట్ తలుపులు, ఇసుక బక్కెట్లు, మరుగుదొడ్లు చూస్తారు. అవన్నీ ప్రాణాలకు సంబంధించినవి, తప్పక చూడాలి. కానీ నా సర్వీసులో క్యాబిన్‌కి వచ్చి, తెర మీద వెలుగు ఎంత ఉందని అడిగిన అధికారిని నేను చూడలేదు. పెట్రోలు బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత డబ్బా తెప్పించి పోయించుకునే హక్కు మనకుంది. సినిమా హాల్లో మనం కొనుక్కునే సరుకు వెలుగే కదా. దానికి కొలత ఎందుకు ఉండకూడదు?

ఓనర్ల కష్టాలు నాకు తెలియనివి కావు. నేను పనిచేసిన హాలులో ఇప్పుడు పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. సినిమాను హాలుకు అందించే డిజిటల్ కంపెనీల సర్వీసు చార్జీలు మోయలేమని నిర్మాతలు 2018 మార్చిలో దక్షిణాదిలో సినిమాలు ఆపేసిన రోజులు గుర్తున్నాయి. లాక్‌డౌన్ తర్వాత తెరుచుకోని హాళ్ళు ఎన్నో. అయినా ఒక మాట. జనం ఇంట్లో టీవీలోనే చూస్తున్నారని బాధపడే ఓనరు ఒకసారి తన హాలు చివరి వరసలో కూర్చుని రాత్రి సీను చూడాలి. ఇంట్లో టీవీ మీద స్పష్టంగా కనపడే మొహం టికెట్ కొన్న హాల్లో కనపడకపోతే, ఆ కుటుంబం మళ్ళీ రాదు. ముఖ్యంగా నా వయసువాళ్ళు. వయసు మీదపడ్డాక కనుపాప పెద్దగా విచ్చుకోదు, అదే బొమ్మ కుర్రాళ్ళకన్నా మాకు ఇంకా మసగ్గా కనపడుతుంది.

లేజర్ ప్రొజెక్టర్లు వచ్చాయి, ఇక బల్బు గొడవే లేదు అంటున్నారు. మంచిదే. 20 వేల గంటలకి పైగా వస్తుంది, మాటిమాటికీ మార్చక్కర్లేదు. కానీ లేజర్ వెలుగు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా తగ్గుతుంది. అక్కడా కొలవాల్సిందే.

కొలవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్రొజెక్టర్ ఆన్ చేసి పావుగంట వేడెక్కనివ్వాలి. హాల్లో లైట్లన్నీ ఆర్పేయాలి. ప్రొజెక్టర్‌లోనే ఉండే తెల్ల టెస్ట్ బొమ్మ వేయాలి. హాలు మధ్యలో సీట్ల మధ్య నిలబడి, దూరం నుంచే ఒక చోటు వెలుగును కొలిచే స్పాట్ మీటరును తెర నడిబొడ్డుకి గురిపెట్టి ఒకసారి, రెండు అంచులకి ఒక్కోసారి చూడాలి. అంతే. ఆ మీటరు ఖరీదు ఎక్కువ కాబట్టి ప్రతి హాలూ కొనక్కర్లేదు, జిల్లాకి ఒకటి ఉన్నా తిప్పుకోవచ్చు. మామూలు తెల్ల తెర ఉన్న హాలుకి ఇంకా తేలిక దారి ఉంది. తన మీద పడే వెలుగును లక్స్‌లలో చూపే చిన్న లక్స్ మీటరును, ఫోటోగ్రాఫర్లు, ఎలక్ట్రీషియన్లు వాడేదాన్ని, తెరకి ఆనించి, ప్రొజెక్టర్ వైపు తిప్పి పట్టుకోవాలి. సుమారు 150 లక్స్ చూపిస్తే 14 ఫుట్‌లాంబర్ట్‌లు ఉన్నట్టే. వెండి తెరకి ఈ లెక్క పనికిరాదు, దానికి స్పాట్ మీటరే వాడాలి. ఫోన్లో ఉండే యాప్‌లను నమ్ముకోవద్దు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ టికెట్ ధరల మీద జీవోలు ఇస్తున్నప్పుడే ఈ ఒక్క షరతు కూడా చేర్చవచ్చు. ధర పెంచుకోవాలనుకునే హాలు ముందు తన వెలుగు ఎంతో చూపించాలి. తక్కువ ఉన్నవాళ్ళకి బల్బు మార్చుకోవడానికి ఒక నెల గడువు ఇవ్వండి. జరిమానాలు, సీళ్ళు వేయమని నేను అడగడం లేదు. ఆ అంకె బుకింగ్ దగ్గర కనపడితే మిగతాది జనమే చూసుకుంటారు. క్యాబిన్‌లో పనిచేసే పిల్లలకి ఒక రోజు శిక్షణ ఇవ్వండి. సమోసాలు అమ్ముతూనే నేర్చుకోగల తెలివి వాళ్ళకి ఉంది.

ప్రభుత్వం కదిలేలోపు మీ పత్రిక ఒక పని చేయవచ్చు. మీ విలేకరుల చేతికి ఒక మీటరు ఇచ్చి, ఒప్పుకున్న ఓనర్ల హాళ్ళలో కొలిపించి, ఏ ఊళ్ళో ఎంత వచ్చిందో జిల్లా పేజీలో వేయండి. బాగున్నవాళ్ళ పేర్లు ముందుగా వేయండి. మా జిల్లాలో అయితే నేనే వెంట వస్తాను. మార్నింగ్ షోకి ముందు అరగంట సమయం ఇప్పిస్తే చాలు, అద్దం తుడవడానికి గుడ్డ కూడా నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత సినిమా ఆపరేటర్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా